మినీ డెస్క్‌టాప్: సైబరాబాద్‌లో లీటరు కంప్యూటర్

మానిటర్, కీబోర్డు, మౌస్ విడిగా తగిలించుకుని వాడుకునే చిన్న కంప్యూటర్ పెట్టెను మినీ డెస్క్‌టాప్ లేదా మినీ పీసీ అంటారు. తెలుగునాట పాత పెద్ద క్యాబినెట్‌ను మొత్తంగా ‘సీపీయూ’ అని పిలవడం అలవాటు. అసలు సీపీయూ అంటే లోపల ఫ్యాను కింద దాగి ఉండే చిప్పు ఒక్కటే. మినీ పెట్టెలు వచ్చాక ఆ చిప్పుకీ పెట్టెకీ మధ్య తేడా బాగా తగ్గిపోయింది కాబట్టి ఆ తప్పు పేరు ఇప్పుడు కాస్త ఒప్పయినట్టే.

వీటి పరిమాణాన్ని లీటర్లలో చెబుతారు. మామూలు టవర్ క్యాబినెట్ ముప్ఫై, నలభై లీటర్లుంటుంది. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ ఒక లీటరు, ఆపైన కొసరు. పొడవూ వెడల్పూ దాదాపు 18 సెంటీమీటర్లు, మందం మూడున్నర. రెండు అర లీటరు పాల ప్యాకెట్లను పక్కపక్కన పడుకోబెడితే ఎంతో అంత. 2024లో వచ్చిన మాక్ మినీ 12.7 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల ఎత్తు, అంటే ముప్పావు లీటరు పైచిలుకు. అయితే చాలా మినీ పెట్టెలకు కరెంటు అడాప్టర్ బయటే వేలాడుతుంది. ఆ ఇటుకను ఈ లీటర్ల లెక్కలో ఎవరూ కలపరు.

హైదరాబాద్‌లో హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకున్న, సైబరాబాద్ అని పిలిచే ఐటీ కారిడార్‌లో ఈ పెట్టెకు రెండు జన్మలు. మొదటి జన్మ ఏదో కంపెనీ బల్ల మీద, రెండోది ఎవరింట్లోనో, ఏ చిన్న ఆఫీసులోనో. చవకగా మినీ డెస్క్‌టాప్ కొనాలనుకునేవారికి ఈ రెండో జన్మ గురించి తెలియడం ముఖ్యం. కొత్త మోడళ్ల పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి.

పుట్టుక

చిన్న డెస్క్‌టాప్ ఆలోచనను సామాన్య కొనుగోలుదారు దాకా తెచ్చింది ఆపిల్. 2005 జనవరి 11న ప్రకటించిన మొదటి మాక్ మినీ ధర 499 డాలర్లు. మానిటర్, కీబోర్డు మీవి, పెట్టె మాది అన్నదే దాని వ్యాపార సూత్రం. 2012లో మూడు వైపుల నుంచి మూడు రకాలు వచ్చాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 29న ఇంగ్లండులో 35 డాలర్ల రాస్ప్‌బెర్రీ పై విడుదలైంది. లెనోవో తన థింక్‌సెంటర్ ఎం92పీ టైనీతో ఒక లీటరు ఆఫీసు యంత్రాన్ని తెచ్చింది. నాలుగంగుళాల చదరపు బోర్డు మీద కట్టిన నక్ (ఎన్‌యూసీ) అనే పెట్టెను ఇంటెల్ పరిచయం చేసింది. డెల్, హెచ్‌పీ తర్వాత లీటరు దారి పట్టాయి. నక్ వ్యాపారం నుంచి 2023 జులైలో ఇంటెల్ తప్పుకుంది. ఆ పేరు మీద పెట్టెలు చేసే హక్కు ఏసస్‌కు వెళ్లింది. ఇంటెల్ వదిలిన ఖాళీని షెన్‌జెన్ నుంచి వచ్చే డజన్ల కొద్దీ చిన్న బ్రాండ్లు అప్పటికే నింపేస్తున్నాయి.

తెలుగు గడ్డ మీద చవక కంప్యూటర్ కోసం వేరే ప్రయోగాలు కూడా జరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో దాదాపు 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో ఎన్‌కంప్యూటింగ్ పద్ధతి పెట్టారు. ఒక కంప్యూటర్ శక్తిని చిన్న చిన్న డబ్బాల ద్వారా నలుగురైదుగురు పిల్లలు పంచుకునే ఏర్పాటది. ఒక్కొక్కరి ముందూ తెర, కీబోర్డు ఉండేవి, వెనక ఉన్న యంత్రం మాత్రం ఒకటే. హైదరాబాద్‌కు చెందిన ఆర్‌డీపీ సంస్థ థిన్ క్లయింట్లు, మినీ పీసీలు చేస్తూ 2016లో 9,999 రూపాయల థిన్‌బుక్ ల్యాప్‌టాప్‌తో వార్తల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఏడాది ఐబాల్ సంస్థ టీవీ వెనక గుచ్చే స్ప్లెండో అనే కర్ర కంప్యూటర్‌ను 8,999 రూపాయలకు అమ్మింది. రెండు జీబీ ర్యామ్‌తో అది చేయగలిగిన పని అంతంతే. ధర ఒక్కటే చూసి మినీ యంత్రం కొనేవారికి అది మంచి పాఠం.

కారిడార్‌లో మొదటి జన్మ

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టింది కూడా ఆ ఏడాదే. అప్పటి ఆఫీసు బల్ల కింద కాళ్లకు తగిలే టవర్ క్యాబినెట్, బల్ల మీద బరువైన పిక్చర్‌ట్యూబ్ మానిటర్ ఉండేవి. తర్వాతి పాతికేళ్లలో మైండ్‌స్పేస్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ భవనాల్లో చదరపు అడుగు అద్దె పెరిగింది, ఒక్కో మనిషికి ఇచ్చే బల్ల కుంచించుకుపోయింది. లీటరు పెట్టెలు ఆఫీసుల్లోకి వచ్చింది ఈ ఇరుకులోనే. మానిటర్ వెనక వెసా (VESA) బిగింపుతో తగిలిస్తే అసలు కనిపించవు. తర్వాత ఉద్యోగులకు ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం పెరిగినా సపోర్టు, బీపీఓ, బ్యాంకింగ్ పనుల దగ్గర డెస్క్‌టాప్ పూర్తిగా పోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కంపెనీలు డెస్క్‌టాప్‌లను వ్యాన్లలో ఎక్కించి ఉద్యోగుల ఇళ్లకు పంపాయి. టవర్‌ను మూడో అంతస్తుకు మోసినవారికీ, లీటరు పెట్టెను బ్యాగులో వేసుకుని వెళ్లినవారికీ తేడా అప్పుడు తెలిసింది.

ఈ పెట్టెల్లోని చిప్పులకు ఈ కారిడార్‌తో మరో చుట్టరికం కూడా ఉంది. ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్, మైక్రాన్‌ల డిజైన్ కేంద్రాలు ఈ నగరంలోనే ఉన్నాయి. మైక్రాన్, ఇంటెల్ కేంద్రాలు 2019 చివర్లో తెరుచుకున్నాయి. చిప్పుకు మెదడు పెట్టే పనిలో కొంత ఇక్కడ జరుగుతుంది, పెట్టె మాత్రం తరచూ ఓడెక్కి వస్తుంది.

చెనాయ్ దారి

కంపెనీ కొన్న కంప్యూటర్ ఎందుకంత త్వరగా బయటికొస్తుంది? కారణం ఖాతా పుస్తకాల్లో ఉంది. ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం కంప్యూటర్ల మీద ఏటా 40 శాతం తరుగుదల రాసుకోవచ్చు. 50 వేలకు కొన్నది మూడేళ్లకు పుస్తకాల్లో 10,800 అవుతుంది. లీజుకు తెచ్చినవైతే గడువు తీరగానే తిరిగిచ్చేస్తారు. యంత్రం బాగానే పనిచేస్తుంటుంది, లెక్కల్లో దాని కాలం చెల్లిపోతుంది. డేటా భయంతో పాత డిస్కులను ముందే తీసేస్తారు లేదా నలగ్గొట్టేస్తారు. రీఫర్బిష్డ్ పెట్టెల్లో ఎక్కువగా పేరులేని కొత్త ఎస్‌ఎస్‌డీ కనిపించేది ఇందుకే.

దీనికి 2025 అక్టోబరు 14 తోడైంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసిన రోజది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం చిప్పు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నది నియమం. దాంతో ఆరో, ఏడో తరం యంత్రాలు పెద్ద సంఖ్యలో ఆఫీసుల నుంచి దిగిపోయాయి. చవకగా కనిపించే పాత పెట్టెల్లో చాలావరకు ఈ కోవలోవే. లినక్స్ వేసుకుంటానంటే అవి ఇప్పటికీ మంచి యంత్రాలే. విండోసే కావాలంటే ఎనిమిదో తరం కంటే కిందికి దిగకూడదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చుట్టూ ఉన్న కాంప్లెక్సులు హైదరాబాద్ కంప్యూటర్ సామాను సంత. జనం సీటీసీ అంటారు. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ప్యారడైజ్‌లో దిగి నడిచి పోవచ్చు. ఆన్‌లైన్‌లో కొనడం కన్నా ఇక్కడ ఒక మేలుంది: మూత తీసి చూపించమని అడగొచ్చు. చూపించనంటే పక్క దుకాణం ఉండనే ఉంది.

మూత తీశాక, పేరు చదవడం రావాలి. ‘ఐ7’ అన్న మాటతో అమ్మేవారు ఎక్కువ. నాలుగో తరం ఐ7 కన్నా ఎనిమిదో తరం ఐ5 మేలన్న సంగతి ఆ మాట వెనక దాగిపోతుంది. ఐ5-8500టీ అన్న పేరులో మొదటి 8 తరం, చివరి ‘టీ’ 35 వాట్లకు కుదించిన రకం అని గుర్తు. ఆరు కోర్ల ఈ 2018 నాటి చిప్పు ఉన్న లీటరు పెట్టె, ఎనిమిది జీబీ ర్యామ్‌తో కొన్నేళ్లుగా ఇరవై వేల లోపు దొరుకుతూ వచ్చింది. ఇల్లు, చదువు, ట్యాలీ, బ్రౌజర్ పనులకు ఈ వ్యాస రచయిత మొదటి ఓటు దానికే.

అడాప్టర్ అసలుదా కాదా చూడాలి. డెల్ యంత్రాలు అడాప్టర్ మధ్య పిన్ను ద్వారా దాని గుర్తింపును చదువుకుంటాయి. గుర్తు తెలియని అడాప్టర్ పెడితే ప్రాసెసర్ వేగాన్ని తగ్గించుకుంటాయి. కొన్నవాడు చిప్పును తిట్టుకుంటాడు, తప్పేమో మూడు వందలు మిగుల్చుకున్న తీగది. థిన్ క్లయింట్లతో కూడా జాగ్రత్త. అవి చూడ్డానికి మినీ పీసీల్లాగే ఉంటాయి కానీ, సర్వర్‌లో నడిచే తెరను చూపించడానికి మాత్రమే చేసినవి. నిల్వ 16 జీబీయో 32 జీబీయో ఉంటుంది.

కొత్త పెట్టెలు

కొత్తదే కావాలంటే ఇరవై వేల అటూ ఇటూ ధరలో కొన్నేళ్లుగా రాజ్యమేలుతున్నది ఇంటెల్ ఎన్100. 2023 జనవరిలో వచ్చిన ఈ చిప్పుకు నాలుగు కోర్లు, ఆరు వాట్ల డిజైన్ పరిమితి. ఎన్150 దాని తమ్ముడు, వేగం కొద్దిగా ఎక్కువ. ఒక్కో పని విడిగా చూస్తే ఎన్100 ఎనిమిదో తరం ఐ5కు దగ్గరగానే నిలుస్తుంది. అన్ని కోర్లూ కలిసి శ్రమించాల్సిన చోట ఆరు కోర్లదే పైచేయి. కొత్త చిప్పుకు ఉన్న వరం ఏవీ1 వీడియోను సొంత హార్డ్‌వేర్‌తో విప్పగలగడం. యూట్యూబ్ ఇప్పుడు ఆ రూపాన్ని విరివిగా వాడుతోంది. ఎనిమిదో తరానికి ఆ శక్తి లేదు. టీవీ కింద పెట్టి సినిమాలు చూసే పెట్టెకు ఎన్100 సరైన జోడీ.

ఎన్100 పెట్టెల్లో కొన్నింటికి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. ఇంకా చవక వాటిలో ఎస్‌ఎస్‌డీకి బదులు ఈఎంఎంసీ నిల్వ ఉంటుంది. అది ఫోన్లలో, చవక ట్యాబ్లెట్లలో వాడే రకం, విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజు ఓపికకు పరీక్ష.

పైమెట్టులో ఏఎండీ రైజెన్ పెట్టెలున్నాయి. కోడింగ్, ఫోటో ఎడిటింగ్ చేసేవారికి తగినవి, కానీ పేర్లు తికమక పెడతాయి. రైజెన్ 7 5700యూలో జెన్2 కోర్లుంటే, దాని పక్కనే నిలబెట్టే 5825యూలో జెన్3 ఉంటాయి. 7000 వరుస ల్యాప్‌టాప్ చిప్పుల్లో మూడో అంకెను చూడాలి: 7520యూ అంటే జెన్2, 7530యూ అంటే జెన్3, 7540యూ అంటే జెన్4. అంకె పెద్దదైతే చిప్పు కొత్తదన్న నమ్మకాన్ని చెరిపేయడానికే ఈ పద్ధతి పెట్టినట్టుంటుంది.

ఆపిల్ ఎం4 మాక్ మినీ 2024లో 59,900 రూపాయలకు వచ్చింది. విద్యార్థులకు పదివేలు తక్కువ. 16 జీబీ ర్యామ్ మొదటి మోడల్‌లోనే ఇచ్చారు. ఆ ధరలో అంత వేగం, అంత నిశ్శబ్దం ఇచ్చే పెట్టె మరొకటి దొరకడం కష్టం. ఇక ట్యాలీ, బ్యాంకు డిజిటల్ సంతకం కీలు, ప్రభుత్వ వెబ్‌సైట్ల బయోమెట్రిక్ పరికరాలు మన దగ్గర విండోస్‌ను చూసుకుని చేసినవి. మీసేవ తరహా పని చేసే చోట మాక్ పెట్టడమంటే కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు నిట్టనిలువుగా పెరిగాయి. కృత్రిమ మేధ సర్వర్ల కోసం మెమరీ కంపెనీలు తమ ఉత్పత్తిని అటు మళ్లించడం దీనికి కారణం. క్రూషియల్ పేరుతో చిల్లర మార్కెట్‌కు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ఆ డిసెంబరులో ప్రకటించింది. ‘ఇప్పుడు ఎనిమిది జీబీతో కొని తర్వాత పెంచుకుందాం’ అనే మన పాత లెక్క ఇక్కడ తిరగబడుతుంది. పాత యంత్రంలో ముందే ఉన్న 16 జీబీ ఇప్పుడు పెట్టెలో అన్నిటికన్నా విలువైన వస్తువు కావచ్చు. రెండు స్లాట్లున్న చోట ఒకే 16 కన్నా రెండు 8లు వేస్తే తెర పనులు చురుగ్గా సాగుతాయి. ఎన్100కు మాత్రం మెమరీ దారి ఒకటే, అక్కడ ఈ కిటుకు పనికిరాదు.

ఏ బల్లకు ఏది

ప్రాసెసర్ కన్నా ముందు తీగలు లెక్కపెట్టుకోవాలి. కిరాణా కొట్టులో బిల్లు ప్రింటర్, బార్‌కోడ్ స్కానర్, నగదు పెట్టె, కాటా ఉంటాయి. పాత కాటాకు సీరియల్ పోర్టు కావాలి. లీటరు ఆఫీసు యంత్రాల్లో ఆ పోర్టు కొన్నిటికి ఉంటుంది, చైనా పెట్టెల్లో అరుదు. పాత వీజీఏ మానిటర్‌ను వదల్లేనివారు ఆ సంగతి కూడా ముందే చూసుకోవాలి. పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు వేసే డీటీపీ దుకాణం తన సాఫ్ట్‌వేర్, లాక్ కీ కొత్త విండోస్‌లో నడుస్తాయో లేదో పరీక్షించకుండా పాత యంత్రాన్ని అమ్మకూడదు.

అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుంటూ కొండాపూర్ పీజీ హాస్టల్లో ఉండే కుర్రాడికి మినీ డెస్క్‌టాప్ సలహా ఇవ్వడం సరికాదు. మంచమే బల్లగా ఉన్నచోట మానిటర్ ఎక్కడ పెడతాడు? అతనికి పాత థింక్‌ప్యాడ్ లాంటి ల్యాప్‌టాప్ నయం. అదే కుర్రాడు ఉద్యోగం వచ్చి ఇద్దరితో కలిసి ఫ్లాట్ తీసుకున్నాక, సగం రోజులు ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు ఉంటే, మినీ పెట్టె అర్థవంతమవుతుంది. మెడ వంచకుండా కూర్చోడానికి పెద్ద తెర, సరైన కీబోర్డు అప్పటికి అమరుతాయి. కెమెరా, మైకు ఈ పెట్టెలకు ఉండవు. మానిటర్‌తో పాటు వెబ్‌క్యామ్, హెడ్‌సెట్ ధర కలిపాకే ల్యాప్‌టాప్‌తో పోల్చాలి.

ఇరవై మంది పనిచేసే చిన్న ఆఫీసుకు ఒకే మోడల్ ఇరవై పెట్టెలు, ఇంకో రెండు అదనంగా కొనడం తెలివైన పని. ఒకటి చెడితే దాని ర్యామ్, డిస్కు మరోదానికి మార్చి పావుగంటలో మనిషిని మళ్లీ కూర్చోబెట్టవచ్చు. రెక్క ఒకటి, తోక ఒకటిగా కొన్న ఆఫీసుకు ఆ సుఖం లేదు.

ఎండ, దుమ్ము, కరెంటు

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ నలభై డిగ్రీలు దాటుతుంది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు ఎటు చూసినా కట్టుబడి, గాలి నిండా సిమెంటు దుమ్ము. చిన్న పెట్టెకు చిన్న ఫ్యాను, సన్నని జాలి ఉంటాయి. దుమ్ము పేరుకుంటే ముందు మోత పెరుగుతుంది, తర్వాత చిప్పు వేడి తట్టుకోలేక తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కొత్త అపార్టుమెంట్లలో ఇంటీరియర్ వాళ్లు చేసే తలుపుల టీవీ యూనిట్‌లో ఈ పెట్టెను మూసి ఉంచడం దాన్ని పొయ్యిలో పెట్టినట్టే. ఏడాదికోసారి, ఎండలకు ముందు, మూత తీసి ఊదించాలి.

కరెంటు ఆదా గురించి అమ్మేవాళ్లు ఎక్కువ చెబుతారు. మామూలు పనిలో టవర్ 60 వాట్లు, మినీ 12 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు పది గంటలు, నెలకు పాతిక రోజులు వాడితే తేడా 12 యూనిట్లు. ఇంటికి అదేమంత డబ్బు కాదు. ఇరవై యంత్రాల ఆఫీసుకైతే నెలకు 240 యూనిట్లు, ఆ వేడిని చల్లార్చే ఏసీ ఖర్చు వేరే. ఇంట్లో అసలు లాభం ఇన్వర్టర్ దగ్గర కనిపిస్తుంది. మినీ పెట్టె, ఎల్‌ఈడీ మానిటర్, వైఫై రౌటర్ మూడూ కలిపి ఒక సీలింగ్ ఫ్యాను తినేంత కరెంటుతో నడిచిపోతాయి. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టుకుంటే కరెంటు పోయిన క్షణాన యంత్రం ఆరిపోయే బెడద కూడా చాలావరకు తప్పుతుంది.

చట్టం, బిల్లు, తాళం

2023 ఆగస్టు 3న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లతో పాటు అతి చిన్న కంప్యూటర్ల దిగుమతిని కూడా ఆంక్షల జాబితాలో చేర్చింది. గగ్గోలు లేచాక అమలు వాయిదా పడి, ఆ నవంబరు నుంచి ముందస్తు అనుమతి పద్ధతిగా మారింది. వార్తలన్నీ ల్యాప్‌టాప్‌ల చుట్టూ తిరిగాయి కానీ మినీ పెట్టె కూడా అదే వలలో పడింది. దేశంలో అమ్మే కంప్యూటర్‌కూ దాని అడాప్టర్‌కూ బీఐఎస్ నమోదు ఉండాలి. వెనక ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. కంప్యూటర్ల మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామనే బేరం ఇంటికి లాభంగా కనిపించినా, పన్ను జమ తీసుకునే ఆఫీసుకు నష్టమే. పైగా ఆ యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితం ఉండదు.

పేరు వినని బ్రాండు కొత్త పెట్టె కొంటే ఇంటికి రాగానే విండోస్‌ను మైక్రోసాఫ్ట్ నుంచి తాజాగా దించుకుని మళ్లీ వేసుకోవాలి. 2024లో ఒక విదేశీ మినీ పీసీ బ్రాండు యంత్రాల్లో ఫ్యాక్టరీ నుంచే పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు బయటపడ్డాయి, కంపెనీ కూడా ఒప్పుకుంది.

ఆఫీసు నుంచి వచ్చిన పెట్టెకు ఇంకో చిక్కుంది. పెద్ద కంపెనీలు తమ యంత్రాల గుర్తింపును మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్‌లో నమోదు చేస్తాయి. అమ్మేటప్పుడు ఆ నమోదు తీసేయడం మరిచిపోతే, డిస్కు మార్చినా అది చెరగదు, ఎందుకంటే గుర్తింపు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. దుకాణదారుడు నెట్ లేకుండా విండోస్ వేసి చూపిస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత మీరు ఇంట్లో వైఫైతో విండోస్‌ను మళ్లీ వేసుకున్న రోజున, నీలి తెర మీద ఎప్పుడూ వినని కంపెనీ పేరు, దాని కింద ఆ కంపెనీ ఈమెయిల్‌తో లాగిన్ అవమనే గడి ప్రత్యక్షమవుతాయి. బయోస్‌కు పెట్టిన పాస్‌వర్డు కూడా ఇలాంటి తాళమే. అందుకని చెనాయ్‌కి వెళ్లేటప్పుడు జేబులో విండోస్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ వేసుకోవాలి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, దుకాణంలోనే మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయించాలి. అరగంట పడుతుంది. ఆ లోపు పక్కనే టీ తాగి రావచ్చు కానీ, ఆ తెర వచ్చే సమయానికి మాత్రం దాని ముందే ఉండాలి.